మార్చి పదిహేడు తద్దినం

పోయిన వారం నోరాని మూడో అంతస్తు గుమ్మంలో నిలబెట్టి ఆగిపోయాం. ఐర్లండు నుంచి వచ్చిన డెబ్బై రెండేళ్ళ రిటైర్డు టీచరు ఆమె. చిట్టి పనిచేసే హోటల్లో దిగింది. బర్మాలోని యాంగోన్‌లో ఉన్న కొద్దిమంది ఐరిష్ వాళ్ళు ఆదివారం చేసుకునే పాట్రిక్ పండగకి చిట్టి హాలు అలంకరిస్తుంటే, ఆ పిల్ల ఫోనులో తాతమ్మ వెంకాయమ్మ ఫోటో నోరా కంటబడింది. సరిగ్గా అదే ఫోటో నోరా హ్యాండ్‌బ్యాగులోనూ ఉంది. మర్నాడు సాయంత్రం ఆమె చిట్టి వెంట లమ్మడాలోని వాళ్ళింటికి మెట్లెక్కి వచ్చి, చిట్టి మామ్మ మంగాయమ్మ ఎదుట నిలబడి ఒకే మాట అంది.

"నేను మార్టిన్ డెవానీ కూతుర్ని."

వెంకాయమ్మకి పుట్టిన మంగాయమ్మ కూడా మార్టిన్ డెవానీ కూతురే. పోర్టులో క్రేన్ల మీద ఫోర్మన్‌గా ఉండే డెవానీ దొర, నాలుగేళ్ళ కొడుకు అప్పయ్య, యుద్ధం వచ్చిన ఏడు ఓడలో పోతూ సముద్రంలో మునిగిపోయారని ఆ ఇంట్లో అందరూ నమ్మిన మాట. ఎనభై రెండేళ్ళ కిందట మునిగిపోయిన మనిషికి డెబ్బై రెండేళ్ళ కూతురు ఎక్కడినుంచి వచ్చింది?

చిట్టి బుర్రలో అదే తిరుగుతోంది. మామ్మ మాత్రం తలెత్తలేదు.

గదిలో కరెంటు లేదు. మధ్యాహ్నం పోయింది, ఆరు దాటితేగానీ రాదు. కింద హోల్‌సేల్ కొట్ల జనరేటర్లు హోరుమంటున్నాయి. మంగాయమ్మ కిటికీ పక్కన చాప మీద కూచుని, ఒళ్ళో చేట పెట్టుకుని నల్ల నువ్వులు ఏరుతోంది. రేపు మార్చి పదిహేడు. ఆ ఇంట్లో తద్దినం. ఊళ్ళో ఎవరైనా తిథిని బట్టి తద్దినం పెడతారు. వీళ్ళు ఇంగ్లీషు తారీకుకి పెడతారు. ఏటేటా గుడి పంతులుగారు గొణుగుతారు. తిథి తెలీదు, తారీకే తెలుసని మంగాయమ్మ ఏటేటా చెబుతుంది.

"కూకోమను" అంది మంగాయమ్మ చివరికి.

చిట్టి ప్లాస్టిక్ స్టూలు లాగి వేసింది. నోరా కూచుంది. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. ఆమె కళ్ళు మంగాయమ్మ కళ్ళని వెతుకుతున్నాయి. వీధిలో పిల్లలు పిల్లికళ్ళ ముసిలమ్మ అని పిలిచే ఆ బూడిదరంగు కళ్ళు. స్టూలు మీద కూచున్న మనిషివీ అవే కళ్ళు. చిట్టి ఒకసారి ఇటూ ఒకసారి అటూ చూసి, చూడలేక తల తిప్పుకుంది.

"ఆవిడ బాబు ఎప్పుడు పోనాడో అడుగు."

చిట్టి అడిగింది. నోరా ఇంగ్లీషులో మెల్లగా, పలుకు పలుకూ విడదీసి చెప్పింది. "డెబ్బై తొమ్మిదిలో. నవంబరులో. నిద్రలోనే పోయారు, బాధేమీ పడలేదు."

చిట్టి ఒక్క క్షణం తటపటాయించింది. "చాలా ఏళ్ళయిందంట మామ్మా. పీస్‌ఫుల్‌గానే పోయారంట."

మంగాయమ్మ చేట పక్కన పెట్టింది.

"సెవెంటీ నైన్ అన్నాది. నాకు ఇనబడ్డాది. పద్దెనిమిదేళ్ళు దొరల బంగళాలో ఆయాగా సేసినాను, ఆ మాత్రం నాకు తెల్దేటి? ఉన్నదున్నట్టు సెప్పు. సెప్పలేకపోతే నువ్వు లేసి వొంటింట్లోకి ఎల్లిపో."

చిట్టి మొహం ఎర్రబడింది. "సారీ మామ్మా."

"డెబ్బై తొమ్మిదికి మాయమ్మ చిమిండైంగ్ సంతలో ఇంకా కూరలమ్ముతున్నాది. ఆవిడకి అది సెప్పు. తల మీద గంప ఎట్టుకుని అమ్మేది, ఆ మాటా సెప్పు."

చిట్టి చెప్పింది. ఈసారి ఒక్క ముక్క వదల్లేదు. నోరా రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని విన్నది.

చిట్టిని మరొకటి కలవరపెడుతోంది. తండ్రి మునిగిపోలేదని ఇప్పుడే విన్న మనిషి ఇలా ఉంటుందా? మామ్మ గుండెలు బాదుకోలేదు. నిజమా అని కూడా అడగలేదు. కొట్లో సరుకు ధర అడిగినట్టు ఏ సంవత్సరమో అడిగింది.

అప్పుడే తలుపు తోసుకుని రాజమోహన్ వచ్చాడు. మంగాయమ్మ కొడుకు, చిట్టి తండ్రి. పబేడాన్‌లో పూజాసామాను, మసాలా దినుసులు అమ్మే చిన్న కొట్టు అతనిది. చేతిలో సంచీ, అందులోంచి దర్భలు, అరిటాకుల చుట్ట బయటికి కనబడుతున్నాయి. నోరాని చూడగానే అతని అలసిన మొహంలోకి ఒక ఆశ వచ్చింది. డెవానీ తాత దేశంనుంచి ఒకావిడ అదే ఫోటోతో వచ్చిందని పొద్దున్నే ఫోనులో చిట్టి చెప్పింది. ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ ప్రకటించినప్పటినుంచి ఈడొచ్చిన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఉన్న భయమే అతనికీ ఉంది. వార్డు వాళ్ళు వచ్చి పేర్లు రాసుకుని పోయారు. చిట్టికి ఇరవై మూడు.

"వెల్‌కమ్ మేడమ్, వెల్‌కమ్" అన్నాడు సంచీ కింద పెడుతూ. "చిట్టీ, టీ ఇచ్చినావా? అమ్మా, ఆవిడ కాడ తాత పుట్టిన కాగితం ఉంటాదంట. అది ఉంటే మనకి..."

"మనకి ఏటి?"

"అదికాదమ్మా. పిల్లకి ఐర్లండు పోడానికి దారి దొరుకుతాదేమోనని."

"ఎనభై ఏళ్ళకి ఒక మనిషి గుమ్మం ఎక్కితే నీకు కాగితం కనబడ్డాది." మంగాయమ్మ కొడుకుని సూటిగా చూసింది. "కూకోరా మోహనా. నువ్వు కూడా ఇనాలి ఇది."

రాజమోహన్ నేల మీద కూచున్నాడు. చెమట తుడుచుకున్నాడు. కూతురి వంకా, తల్లి వంకా చూశాడు. ఇంట్లోకి వచ్చేసరికే ఏదో జరిగిపోయిందని అతనికి అప్పుడు అర్థమైంది.

"తాత డెబ్బై తొమ్మిదిలో పోయారంట నాన్నా" అంది చిట్టి.

"ఏ తాత?"

"డెవానీ తాత."

"అదేటి? ఓడ..."

"ఓడ మునగనేదు" అంది మంగాయమ్మ.

రాజమోహన్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నీకు తెల్సా?"

"తెల్సు."

"ఎప్పట్నించి?"

"మాయమ్మ పోయిన రాత్రినించి. ముప్పై ఐదేళ్ళు."

నోరా చిట్టి మోచెయ్యి ముట్టుకుని ఏమంటున్నారని అడిగింది. చిట్టి ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యి ఎత్తింది.

"మా అమ్మమ్మ నాతో ఎప్పుడూ అనలేదే" అన్నాడు రాజమోహన్.

"నీతో ఎందుకంటాది? నాతోనే అననేదు, ఊపిరి పోయీదాకా." మంగాయమ్మ చాప మీద సర్దుకుని కూచుంది. తర్వాత ఆపకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ నోరానే చూసింది. "జెట్టీ కాడ దొరలని ఓడెక్కిత్తన్నారు. మావోల్లకి ఓడ నేదు, అడివిలో పడి మన దేశానికి నడిసి పోండన్నారు. మాయమ్మ సంకలో నాను, మూడు నెల్ల గుంటని. ఏలు పట్టుకుని మా అన్న. గేటు కాడున్న దొర నలుగుర్నీ సూసినాడు. ఈ దొరా ఈ గుంటడూ ఎల్లొచ్చు, ఆడమనిసీ పసిదీ ఎల్లకూడదన్నాడు. మా అన్న బాబు రంగు. నాను అమ్మ రంగు. అంతే. నాను కూడా ఎల్లనని మా బాబు కూలబడిపోనాడంట. మాయమ్మే ఆ గుంటడి సెయ్యి ఆయన సేతిలో ఎట్టి, ఇద్దర్నీ గేటులోకి తోసీసినాది. నడిస్తే గుంటడు దారిలో పోతాడు, ఓడెక్కితే బతుకుతాడని. ఆరు నెల్లలో వొచ్చీస్తానని ఆయన ఎల్లినాడు."

చిట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అలాగే తడబడుతూ ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. 'తోసీసినాది' అన్నచోట ఆమెకి మాట దొరకలేదు. రెండు చేతులతో తోస్తున్నట్టు చూపించింది. నోరా కళ్ళు మూసుకుంది.

"నడిసి పోయినోల్లతో మాయమ్మ ఎల్లనేదు" అంది మంగాయమ్మ. "ఎల్తే ఆయనొచ్చి ఎక్కడ ఎతుక్కుంటాడని చిమిండైంగ్‌లోనే ఉండిపోనాది. అడిగినోల్లకి ఓడ మునిగిపోనాదని సెప్పింది. కొడుకుని ఒగ్గీసిందని ఎవులైనా అంటారని బయం. నాకూ అదే సెప్పింది."

"మరి ఆ పచ్చపండగ?" అన్నాడు రాజమోహన్ హఠాత్తుగా.

చిట్టికి అది తెలియదు. అతనికి తెలుసు. చిన్నప్పుడు ఏటా మార్చి పదిహేడున అమ్మమ్మ గుమ్మానికి తమలపాకుల తోరణం కట్టేది. అతనికి ఆకుపచ్చ చొక్కా కుట్టించేది. ఉడకబెట్టిన బంగాళాదుంపల మీద వెన్న వేసి, వచ్చినవాళ్ళందరికీ పెట్టేది. తెలుగువాళ్ళ పండగల్లో అలాంటిది లేదని అతనికి పదేళ్ళప్పుడే తెలిసింది. ముసలామెకి మతి కాస్త చెదిరిందని వీధిలో అనుకునేవారు. అతనూ అలాగే అనుకున్నాడు. ఆమె పోయాక మరుసటి ఏడు అదే రోజున తల్లి అతన్ని పీట మీద కూచోబెట్టి తద్దినం పెట్టించింది.

"అది మీ తాత దేశం పండగ" అంది మంగాయమ్మ. "ఈవిడ రేపు హోటల్లో సేసుకుంటాదే, అదే. నలబై ఏడేళ్ళు సేసినాది మాయమ్మ. ఆకులు కడితే గుర్తు పట్టి వొత్తారని. ఏ ఏడూ మానలేదు. గుమ్మం కాడ కూకుని సాయంత్రం దాకా రోడ్డు సూసేది. నాను పక్కనుండి ఆ మొకం సూసీదాన్ని. ఆవిడ పోయినాక నాను పండగ ఆపీసినాను. మునిగిపోయారని సెప్పుకున్నాం కదా, అయితే మునిగిపోయినోల్లకి సెయ్యాల్సింది సేద్దామన్నాను. రెండు పిండాలు ఎట్టించీసినాను నీ సేత. ఈ కొంపలో ఇంకెవులూ రోడ్డు సూడకూడదని."

రాజమోహన్ వేళ్ళు సంచీలోని దర్భల మీద కదులుతున్నాయి. కాసేపటికి అతని చెయ్యి ఆగిపోయింది.

"ఒకటి తాతకి" అన్నాడు. "డెబ్బై తొమ్మిదిలో పోయాడు కాబట్టి అది సరే. రెండోది?"

మంగాయమ్మ మళ్ళీ చేట అందుకుంది.

రాజమోహన్ నోరా వైపు తిరిగాడు. కొట్లో టూరిస్టులతో మాట్లాడే ఇంగ్లీషులోనే అడిగాడు. "మేడమ్. ఆ బాబు? వాళ్ళ అన్నయ్య?"

"పాట్రిక్" అంది నోరా. ఇంతసేపటికి ఆమె మొహం మీద చిన్న నవ్వు వచ్చింది. "పండగరోజున పుట్టాడని ఆ పేరు పెట్టారు. రేపు ఆయన పుట్టినరోజు. ఎనభై ఏడు నిండుతాయి."

ఇది ఎవరికీ తెనిగించి చెప్పాల్సిన పని లేకపోయింది.

రాజమోహన్ లేచి నిలబడ్డాడు. రెండడుగులు వేసి, గోడకి చెయ్యి ఆనించి ఆగాడు. "అమ్మా" అన్నాడు. "బతికున్న మనిషికి పిండం పెట్టించినావా నా చేత? ఇన్నేళ్ళు? మేనమామకి? ఆయన పుట్టినరోజున?"

"పుట్టినరోజని నాకు తెల్దు."

"బతికున్నాడని తెలుసా?"

"అదీ తెల్దు. బతికుంటే రాడా? రానోడు నాకు సచ్చినోడే."

"అది నువ్వు అనుకోవాలమ్మా! మంత్రం నాచేత చెప్పించావు! పేరు పెట్టి పిలిచాను ఆయన్ని, అప్పయ్యా అని, నువ్వుల నీళ్ళు వదిలాను!" అతను సంచీని కాలితో తోశాడు. అరిటాకుల చుట్ట దొర్లి నోరా కాళ్ళ దగ్గర ఆగింది.

నోరా వంగి దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆకుపచ్చగా ఉన్న ఆ ఆకులు ఎందుకో, ఈ మనిషికి ఇంత కోపం ఎందుకో ఆమెకి తెలియదు. చిట్టిని అడిగింది. చిట్టి తండ్రిని చూసింది, మామ్మని చూసింది.

"సెప్పు" అంది మంగాయమ్మ. "ఒక్కటీ దాసకు."

చిట్టి చెప్పింది. చచ్చిపోయినవాళ్ళ ఆకలి తీరడానికి ఏటా ఒక అన్నం ముద్ద పెడతారని, ఈ ఇంట్లో పాట్రిక్‌కి ముప్పై నాలుగు సార్లు పెట్టారని. నోరా మొహం పాలిపోయింది.

"మా ఊరి చర్చిలో" అంది, "ప్రతి డిసెంబరులోనూ మీ అమ్మగారి కోసం ప్రార్థన చేయించేవారు నాన్న. మొదటి భార్య బాంబుల్లో పోయిందని, పసిపిల్ల కూడా పోయిందని ఊరంతటికీ చెప్పారు. మా అమ్మకీ అదే చెప్పారు. ఆ కొవ్వొత్తులు వెలిగించడం నా పని. చిన్నప్పుడు నాకు ఎంతో ఇష్టంగా ఉండేది. మంగాయమ్మగారూ, మీకోసం నేను ఒక చిన్న కొవ్వొత్తి వేరుగా వెలిగించేదాన్ని."

మంగాయమ్మ పెదవులు బిగుసుకున్నాయి. "మాయమ్మని ఏ పేరెట్టి సదివేవారు?"

"మేరీ అని."

"మాయమ్మ పేరు మేరీ కాదు."

"తెలుసు. ఇప్పుడు తెలుసు."

"అయితే ఆ పూజలు ఏ మేరీకో పోనాయి. మాయమ్మకి తగల్నేదు." ముసలామె చేటలోకి చూస్తూ అంది. "అందుకే అన్నేళ్ళు బతికింది."

అది కోపమో, ఎగతాళో చిట్టికి తెలియలేదు. తెలిసినంతలో ఇంగ్లీషు చేసి చెప్పింది. నోరా తలూపి, హ్యాండ్‌బ్యాగు తెరిచి, ప్లాస్టిక్ కవరులో ఉన్న ఒక పాత కాగితం తీసింది.

"ఇది పోయిన చలికాలం దొరికింది. నాన్న పనిముట్ల పెట్టె అడుగున. తను పోయేదాకా ముప్పై రెండేళ్ళు అక్కడే దాచారు. పాట్రిక్‌కి చూపించలేదు. మా అమ్మకీ చూపించలేదు. ఎందుకు దాచారో నాకు తెలుసు. అప్పటికి మా అమ్మతో పెళ్ళి కుదిరింది. తెలిసినంత మాత్రాన ఆయన్ని క్షమించలేకపోతున్నాను."

"ఏటది?" అంది మంగాయమ్మ.

చిట్టి తీసుకుంది. నీలం సిరా వెలిసిపోయింది. ఎవరో ఉత్తరాలు రాసిపెట్టే మనిషి గుండ్రంగా, అందంగా రాసిన ఇంగ్లీషు. పైన చిమిండైంగ్, 1947 అని ఉంది. కింద సంతకం లేదు. వేలిముద్ర ఉంది.

"చదువు" అన్నాడు రాజమోహన్. అతని గొంతులో కోపం ఇంకా చల్లారలేదు.

చిట్టి ఒక్కొక్క మాటనీ తెలుగులోకి తిప్పుకుంటూ చదివింది. "దొరగారికి, నేను బతికే ఉన్నాను. పిల్లా బతికే ఉంది. దానికి ఆరేళ్ళు. మీ కళ్ళే వచ్చాయి. సంత వెనకాల మన ఇల్లు కాలిపోయింది, ఆ పక్కనే వేరే ఇల్లు తీసుకున్నాను. మీరు రాలేకపోతే రాకండి. నా బాబుని పంపించండి. వాడు నన్ను మరిచిపోకముందే పంపించండి."

మంగాయమ్మ చెయ్యి చాచింది. చిట్టి కాగితం ఆ చేతిలో పెట్టింది. ఆమెకి ఇంగ్లీషు అర్థమవుతుందిగానీ చదవడం రాదు. ఆమె చూపు అక్షరాల మీదికి పోలేదు. వేలిముద్ర దగ్గరే నిలిచింది. తన బొటనవేలు తెచ్చి దాని మీద ఆనించింది.

"ఉత్తరం రాయించిందా" అంది. ఆ గొంతు చిట్టి ఎప్పుడూ విని ఉండలేదు. "నాకు సెప్పలేదు. ఊరికే ఆకులు కట్టుకుని కూకుందనుకున్నాను. పిచ్చిదనుకున్నాను. మోహనా, జవాబు కోసం కూకుందిరా మాయమ్మ."

రాజమోహన్ గోడ దగ్గరనుంచి కదిలి వచ్చి తల్లి పక్కన చాప మీద కూచున్నాడు. అతని మోకాలు ఆమె మోకాలికి తగిలేలా కూచున్నాడు. అంతే.

నోరా వాళ్ళని కాసేపు అలా ఉండనిచ్చి, మిగిలింది చెప్పింది. నిరుడు పాట్రిక్ పడిపోయి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక మత్తులో ఎవరికీ తెలియని భాషలో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఉత్త గొణుగుడని డాక్టర్లు కొట్టిపారేశారు. రాత్రి డ్యూటీకి వచ్చిన ఒక నర్సు మంచం పక్కన ఆగిపోయింది. ఆమెది పలాస. ఇది మా భాష, మా అవ్వ ఇలాగే మాట్లాడుతుంది అని ఏడ్చేసింది. ఆ నర్సు చెప్పిన ఊళ్ళు, ఓడలు, వలసల కథలే నోరాని ఇక్కడిదాకా నడిపించాయి.

"అప్పటినుంచి ఆయన పూర్తిగా కోలుకోలేదు" అంది నోరా. "పొద్దున పూట బాగానే ఉంటారు. పేపరు చదువుతారు, నాతో పోట్లాడతారు. సాయంత్రమయ్యేసరికి చిన్నపిల్లాడైపోతారు. మేమెవరమో తెలియదు. ఆ భాషే మాట్లాడతారు."

మంగాయమ్మ తలెత్తింది. కిటికీలోంచి పడే ఎండ ఎర్రబడుతోంది.

"ఇప్పుడు ఆయన కాడ ఎవులున్నారు?" అంది. "నువ్వు ఇక్కడ కూకుంటే?"

చిట్టి అడిగింది. నోరా ఒళ్ళో ఉన్న అరిటాకుల చుట్టని పక్కన పెట్టి, లేచి నిలబడింది.

"డ్రైవరు ఉన్నాడు" అంది. "మూడంతస్తుల మెట్లు ఆయన ఎక్కలేరు. ముందు మీరు ఒప్పుకుంటారో లేదో కనుక్కుందామని నేను ఒక్కదాన్నే వచ్చాను. కింద, టాక్సీలో ఉన్నారు."

చిట్టి చేత్తో నోరు కప్పుకుంది. అనువాదం చేయాల్సిన అవసరం లేకుండానే మామ్మకి అర్థమైపోయిందని చూస్తేనే తెలుస్తోంది.

"పైకి రానీకు" అంది మంగాయమ్మ.

"అమ్మా!"

"రానీకు. ఎనభై రెండేళ్ళు. ఏ మొకం ఎట్టుకుని సూడాలి నాను? మాయమ్మ సూడాల్సిన మొకం అది, నాను సూడ్డం ఏటి? నా సేతుల్తో సంపీసినాను ఆన్ని. ఏటేటా సంపీసినాను. ఎల్లిపొమ్మను. ఇద్దర్నీ ఎల్లిపొమ్మను!"

నోరాకి ఆ మాటలు తెలియకపోయినా ఆ చెయ్యి గుమ్మం వైపు చూపించడం తెలిసింది. ఆమె బ్యాగు భుజాన వేసుకుంది. రాజమోహన్ తల్లి భుజం పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. చిట్టి ఎవరి వైపు నిలబడాలో తెలియక గది మధ్యలో అలాగే ఉండిపోయింది.

అప్పుడు కరెంటు వచ్చింది. కింద జనరేటర్లు ఒకటొకటిగా ఆగాయి. వీధి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో కిందనుంచి టాక్సీ డ్రైవరు బర్మీస్‌లో బతిమాలుతున్న గొంతు వినబడింది. తాతా, లోపల కూచో, పడిపోతావు, అంటున్నాడు. దాని వెనకే ఇంకో గొంతు. ముసలి గొంతు, బొంగురు గొంతు. బడిలో పద్యం అప్పజెప్పే పిల్లాడి రాగం.

"నా పేరు అప్పయ్య. మాయమ్మ పేరు యెంకాయమ్మ. మా ఇల్లు చిమిండైంగ్ సంత ఎనకాల. నాను తప్పిపోనాను. నన్ను మాయమ్మ కాడికి అంపీయండి."

ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదటినుంచి. నా పేరు అప్పయ్య.

రాజమోహన్ చేతులు జోడించాడు, ఎవరికో తెలియకుండానే. నోరా గుమ్మంలో ఆగిపోయింది. "ఇదే" అంది గుసగుసగా. "ప్రతి సాయంత్రం ఇదే. నర్సు నాకు అర్థం చెప్పింది. మీ అమ్మగారే నేర్పి ఉంటారు, దారి తప్పితే చెప్పమని."

మంగాయమ్మ ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. చాప మీద నువ్వులు చెల్లాచెదరయ్యాయి. ఆమె గోడ పట్టుకుని బాల్కనీ దాకా నడిచి, ఇనప కమ్మీలు రెండు చేతులతో పట్టుకుని కిందికి చూసింది. చిట్టి పరుగున వెళ్ళి పక్కన నిలబడింది.

టాక్సీ తలుపు తెరిచి ఉంది. దాన్ని పట్టుకుని పొడుగాటి తెల్లటి మనిషి నిలబడ్డాడు. ఆకుపచ్చ కోటు, ఊతకర్ర. టీ కొట్టు స్టూళ్ళ మీద కూచున్న జనం అతన్నే చూస్తున్నారు. అతను ఇంటింటి వైపూ తల తిప్పుతూ అదే అప్పజెబుతున్నాడు. తల తిప్పుతూ తిప్పుతూ పైకి చూశాడు. మూడో అంతస్తులో కమ్మీల వెనక ఒక ముసలావిడ కనబడింది.

అతను ఆగాడు. చాలాసేపు చూశాడు.

"అప్పా" అని పిలిచాడు, తెలియని పెద్ద ఆడవాళ్ళని పిల్లలు పిలిచినట్టు. "అప్పా, మాయమ్మ ఇంట్లో ఉన్నాదా?"

నోరా వెనకనుంచి చిట్టి భుజం పట్టుకుంది. "ఏమడిగారు? ఈ మాట ఎప్పుడూ అనలేదు. ఏమంటున్నారు?"

ఆ సాయంత్రమంతా అటూ ఇటూ మాటలు మోసిన చిట్టికి ఈ ఒక్క మాట మోయడం చేతకాలేదు. మామ్మ వంక చూసింది. మామ్మ మొహం తడిసిపోయి ఉంది. ముప్పై ఐదేళ్ళ కిందట శ్మశానంలో బూడిదైపోయిన మనిషి గురించి ఆమె ఏం చెబుతుందోనని రాజమోహన్ కూడా తల్లినే చూస్తున్నాడు.

మంగాయమ్మ కమ్మీల మీంచి వంగింది. వీధంతా వినబడేలా, వయసులో ఉన్న ఆడదాని గొంతు పెట్టి కేకేసింది.

"ఉన్నాదిరా అప్పయ్యా! నీకోసమే వొండుతున్నాది! అక్కడే నిలబడు, కదలకు, నీ కాడికే వొత్తన్నాది!"